మ్యాపులో రంగు పడని గల్లీ

హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు రాయడం ఆపి పెన్నుకు మూత పెట్టాడు. నాకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడే.

అంతవరకు అంతా బాగానే నడిచింది. నేను పనిచేసే సంస్థకు డబ్బులిచ్చే ట్రస్టు తరఫున వచ్చాడాయన. మా గల్లీ చివరి కల్వర్టు పక్కన వంగి, విరిగిన సిమెంటు పలక కింద వేళ్లు పెట్టి చూశాడు. లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి బయటికి కనిపిస్తున్నాయి. ఫోటోలు తీసుకున్నాడు. నిరుడు వానాకాలంలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీది నల్లటి మరక చూపిస్తే దానికీ ఫోటో తీశాడు. నా పిల్లలిద్దరూ రోజూ బడికి పోయేది ఈ కల్వర్టు మీదుగానే. ఇక ఈసారి పని అయినట్టే అనుకున్నాను.

అప్పుడాయన మా ఇంటి ముందు దాకా తిరిగి వచ్చి, చుట్టూ చేరినవాళ్లను చూసి, ఏదో మాట కలపడానికన్నట్టు అడిగాడు. "ఈ కాలువ ఎవరిదమ్మా?"

"కంపెనీది సారూ!" అంది మా అత్తమ్మ, అందరికంటే ముందు. "మా ఇంటాయన బొగ్గు బాయిల దిగినప్పటి సంది ఉన్నది. బాయిల నీళ్లు ఎల్లిపోతందుకు కంపెనోళ్లే తవ్విచ్చిన్రు."

"హా సాబ్, పక్కా కంపెనీదే," అన్నాడు మూల మీద స్కూటర్లు రిపేరు చేసే భాయ్, చేతుల గ్రీజు తుడుచుకుంటూ.

"గీ రోడ్డు కంపెనీదే, నల్లా కంపెనీదే, కరెంటు సుత కంపెనీదే," అంది ఎదురింటి అక్క. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మా చిన్నోడు అదేదో ఆట అనుకుని "కంపెనీది, కంపెనీది" అని గెంతాడు.

పెన్ను జేబులోకి పోయింది. మా సంస్థను నడిపే సార్ నా వైపు చూశాడు. ఆయన రిటైరైన లెక్చరర్, ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ చూపులో కోపం లేదు. అయ్యో అన్నట్టుంది, అంతే.

"కంపెనీ ఆస్తి అయితే కష్టమండీ," అన్నాడు ఆఫీసరు, టీ గ్లాసు అందుకుంటూ. మర్యాదస్తుడే. "మా డబ్బు వేరేవాళ్ల ఆస్తి మీద పెట్టడానికి మా రూల్స్ ఒప్పుకోవు. కంపెనీకి సామాజిక బాధ్యత నిధులని వేరే ఉంటాయి కదా, అక్కడ అడగండి." టీ బాగుందన్నాడు. కారెక్కాడు.

మేం చేసే పనేమిటో మా చుట్టాలకు ఇప్పటికీ అర్థం కాదు. ఊళ్లకు, వాడలకు ప్లాన్లు గీస్తాం. వాన నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలి, బస్సు ఎక్కడ ఆగాలి, బడికి పోయే దారి ఎక్కడ ఉండాలి, ఇట్లాంటివి కొలిచి, గీసి, గ్రామ పంచాయతీకో మున్సిపాలిటీకో ఇస్తాం. కొత్త కాలువ కావాలని అర్జీ పెడితే ముందు ప్లాను ఉందా అంటారు. ప్లాను ఉంటే పని సాగే దారి ఉంటుంది, లేకపోతే అర్జీ మీద అర్జీ. మా కాలువకు కావలసింది కూడా అదే. గని తవ్వి పోసిన మట్టి గుట్టల దిక్కు నుంచి ఎంత వాలు ఉంది, ఎన్ని నీళ్లు వస్తాయి, కల్వర్టు ఎంత వెడల్పు ఉండాలి అని లెవెల్స్ తీయాలి. దానికి మిషను కిరాయికి తేవాలి, తీసే మనిషిని పిలవాలి. అంతే. వంతెన కట్టమని మేం ఎవరినీ అడగలేదు. కొలవడానికి అడిగాం.

"ఎన్జీవో అంటే ఫారిన్ పైసలంట గదా," అని పెళ్లిళ్లలో నన్ను ఆటపట్టిస్తారు. మా సంస్థకు డబ్బు మూడు దిక్కుల నుంచి వస్తుంది. మూడు దిక్కులా తలనొప్పే. మాలో సభ్యులుగా చేరిన పంచాయతీలు ఏడాదికోసారి చందా కట్టాలి. అడగడానికి పోతే "మా బిల్లులే రాలేదు చెల్లె, రాంగనే మొదలు మీదే" అంటారు, చల్లటి మజ్జిగ ఇచ్చి పంపుతారు. రెండోది, ప్రైవేటు బళ్లకూ ఫంక్షన్ హాళ్లకూ ప్లాన్లు గీసిస్తే వచ్చే ఫీజు. వాటితో ఆఫీసు కిరాయి, కరెంటు బిల్లు గట్టెక్కుతాయి. మూడోది ట్రస్టులు ఇచ్చే గ్రాంటు. సంస్థ బతికేది దాని మీదే.

గ్రాంటుకు పద్దులుంటాయి. శిక్షణకు ఇస్తారు, ప్రయాణాలకు ఇస్తారు, బ్యానర్లకు, చాయ్ బిస్కెట్లకు, ఫోటోలకు ఇస్తారు. కూర్చుని పనిచేసే మనిషికి మాత్రం ఇవ్వరు. నా జీతం ఇంతవరకు ఏ పద్దులోనూ జీతంగా లేదు. ఒక ఏడాది నేను శిక్షకురాలిని. ఇంకో ఏడాది క్షేత్ర సమన్వయకర్తను. ఎంఏ చదివి, చేసే పని ఒకటే అయినా ఏడాదికో పేరు పెట్టుకుని బతుకుతున్నాను.

మా ఆఫీసు గోడ మీద ఈ బొగ్గు గనుల బెల్టు మొత్తం మ్యాపు ఉంది. కొలిచి ప్లాను గీసిన చోటల్లా రంగు వేస్తాం. రామగుండం స్టేషన్ దిక్కు నీలం రంగు, నీటి మీద గ్రాంటు వచ్చిన ఏడాదిది. మందమర్రి దగ్గర గులాబీ రంగు, ఆడవాళ్ల బస్టాపుల మీద వచ్చిన గ్రాంటుది. కొత్తగా చూసేవాళ్లు ఎక్కడ అవసరం ఉందో అక్కడ రంగు వేశామనుకుంటారు. ఎక్కడికి డబ్బు వచ్చిందో అక్కడ రంగు పడింది. మధ్యలో మా గల్లీ తెల్లగా ఉంటుంది. ఏళ్లుగా ఆ తెల్లటి చోటుకు ఎదురుగానే నా కుర్చీ.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అత్తమ్మ మీద విరుచుకుపడ్డాను.

"ఎందుకన్నవ్ అత్తమ్మా కంపెనీదని? బాయి బందై ఎన్నేండ్లయింది? అందుల ఇప్పుడు పారేది మన బట్టలుతికిన నీళ్లే గదా!"

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "మరి ఏమనాలె? మీ తాత జాగీరనాల్నా? ఇన్నేండ్ల సంది ఏది గావాల్నన్నా కంపెనీది అంటెనే అయింది పిల్లా. నల్లా గట్లనే వచ్చింది. గీ కరెంటు స్తంభం గట్లనే వచ్చింది. కంపెనీదంటె ఎవడో ఒకడు వస్తడు. మాది అంటె ఎవడొస్తడు?"

మా గల్లీ మొత్తం అట్లా పుట్టిందే. రిటైరై క్వార్టర్లు ఖాళీ చేసినవాళ్లు దగ్గర్లోనే ఖాళీ జాగా చూసుకుని ఇళ్లు వేసుకున్నారు. దవాఖాన కంపెనీది, బడి కంపెనీది, పొద్దున లేపే సైరన్ కంపెనీది. ఇక్కడ ఏ పని కావాలన్నా ముందు అది కంపెనీదని చెప్పాలి. అది అబద్ధమని ఎవరూ అనుకోరు, అట్లా అడగడమే పద్ధతి. పుట్టిన దగ్గర్నుంచి నేనూ ఆ మాటే విన్నాను. అందుకే ఆఫీసరు వచ్చేముందు వాళ్లకు ఏం చెప్పాలో చెప్పాలని నాకు తట్టనేలేదు.

ట్రస్టు ఒక అవకాశం ఇచ్చింది. కాలువ తమది కాదని కంపెనీ రాసిస్తే, లేదా తమదేనని మున్సిపాలిటీ రాసిస్తే మళ్లీ పరిశీలిస్తామని. సెలవు పెట్టి తిరిగాను. కంపెనీ ఆఫీసులో గుమాస్తా నన్ను చక్కగా కూర్చోబెట్టాడు.

"మాది కాదమ్మా."

"ఆ మాటే రాసియ్యండి సార్."

"ఎట్ల రాసిస్తం? మాది కాదని రాస్తే ఇంతకు ముందు మాదే ఉండె అని ఒప్పుకున్నట్టయితది. గప్పుడు మీరు గుంతలన్నీ మాకే సూపిస్తరు." నవ్వాడు. "తెలివికల్లదానివే గని మమ్ముల ఇరికియ్యకు బిడ్డా."

మున్సిపాలిటీలో అంతసేపు కూడా పట్టలేదు. కిటికీ అవతల ఉన్న ఆమె గల్లీ పేరు వినగానే అంది, "అది కంపెనీ కాలువ కదా మేడం?"

నేను ఏడవలేదు. బయటికి వచ్చి చెరుకు రసం తాగాను. నిరుడు ఒకసారి ఆ కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే మా బిడ్డ తమ్ముణ్ని వీపు మీద ఎక్కించుకుని దాటింది. ఇంటికి వచ్చి అదొక ఘనకార్యంలా చెప్పింది. ఆ రోజు నుంచి మబ్బు పట్టిందంటే నా చెవులు బడి గంట మీదే ఉంటాయి. మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు డ్రైవరు, సగం రోజులు సెకండ్ షిఫ్టే. బడి వదిలే వేళకు నేను ఆఫీసులో, ఆయన డ్యూటీలో. అత్తమ్మ మోకాళ్లు కల్వర్టు దాకా రానివ్వవు.

ట్రస్టు కాదంటే మనమే వేసుకుందాం అనిపించింది. మిషను కిరాయి ఎంతో గల్లీ మొత్తం కలిసి భరిస్తే ఇంటికి ఒక సినిమా ఖర్చు కూడా పడదు. మొదటి షిఫ్టు వాళ్లు ఇల్లు చేరాక, భాయ్ దుకాణం ముందు అందరినీ కూర్చోబెట్టాను. వచ్చారు. విన్నారు. తలలూపారు. డబ్బు మాట రాగానే అందరూ ఒకేసారి మాట్లాడారు.

"కంపెనీ కాలువకు మనమెందుకియ్యాలె?"

"నాకు ఇచ్చుడు తక్లీఫ్ కాదు బేటీ," అన్నాడు భాయ్. "రేపు కంపెనోళ్లు వచ్చి మా కాలువల చెయ్యెందుకు వెట్టిన్రు అంటె? దుకాణం జాగా సుత వాళ్లదే ఆయె."

"భాయ్, వాళ్లు మాది కాదనే అంటున్నరు!"

"నోటి తోటి అన్నరు. కాయితం మీద అన్నరా?"

ఎదురింటి అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు కూర్చోబెట్టింది, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నువ్వు సదువుకున్నవ్, నీకు తెల్వంది గాదు. ఇయ్యాల మనం పైసలిస్తె గది మనదయితది. మనదయినంక ఇగ ఎవ్వడు చెయ్యడు. ఎప్పటికి మనమే చేసుకోవాలె. ఉండనియ్యి గట్లనే."

పిల్లలు పడితేనో అన్నాను. "పిల్లల్ని మెల్లగ నడువుమని చెప్పాలె," అంది. ఆమె మనుమడూ అదే కల్వర్టు దాటతాడు.

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనకు అన్నం పెడుతూ ఇదంతా చెప్పాను. ఎంత ఘోరమో చూడు అన్నాను. ఆయన నవ్వాడు.

"నీ సంస్థ సుత గంతే గదా. పైసలు ఇచ్చినోనిదే ప్లాను. గల్లీవాళ్లను ఏమంటవ్?"

నేను ఆయన పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేసి లేచిపోయాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తప్పు మాటైతే ఇంతగా గుచ్చుకునేది కాదు.

చివరకు ట్రస్టు నుంచి ఫోను వచ్చింది. కాలువ కొలతలకు అనుకున్న డబ్బును వెనక్కి తీసుకోరట. వేరే పద్దులోకి మారుస్తారట. వానాకాలం రాకముందే ఒక అవగాహన సదస్సు పెట్టాలి, వరద వస్తే ప్రజలు ఏం చేయాలో నేర్పాలి. సార్ ఆ సంగతి చెప్పినప్పుడు నేను నిలబడే ఉన్నాను.

"ఏం అవగాహన సార్? నీళ్లొస్తే తడుస్తమని మా గల్లీల ఎవరికి తెల్వదు?"

"కూర్చో తల్లీ."

"కొలిస్తే వాళ్ల ఆస్తి మీద డబ్బు పెట్టినట్టంట. ఫంక్షన్ హాల్ల బిర్యానీ పెడితే కాదంట. మనం వద్దనొచ్చు కదా?"

"వద్దనొచ్చు," అన్నాడు సార్. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వద్దంటే వచ్చే నెల ఈ ఆఫీసుకు తాళం పడుతుంది. నీకూ నాకూ, ఆ మ్యాపుకూ. ఇంకో గ్రాంటు వచ్చేదాకా తలుపు తెరిచి ఉండాలి. ఏళ్లుగా నేను చేస్తున్న పని నిజానికి అదే, తలుపు తెరిచి ఉంచడం. ప్లాన్లు గీసేది మిగిలిన టైంలో."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కానీ కోపం పోలేదు. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం చాలా బరువుగా ఉంటుంది. ట్రస్టు ఆఫీసరు మంచివాడు. గుమాస్తా మంచివాడు. ఎదురింటి అక్క నా పురుళ్లు రెండింటికీ దవాఖానలో కూర్చున్న మనిషి. అందరూ తమ తమ లెక్కలో సరిగ్గానే ఉన్నారు, కల్వర్టు మాత్రం రోజుకింత కిందికి దిగుతోంది.

సదస్సు జరిగింది. ఏసీ హాలు. వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద వేయడానికి ప్రమాదం తెలిసేలా ఒక ఫోటో కావాలంటే నా ఫోన్లో ఉన్నదే ఇచ్చాను, మా కల్వర్టుది. గోడంత పెద్దదై, విరిగిన పలక, తుప్పు చువ్వలు, పక్కన మా చిన్నోడి చెప్పు ఒకటి కూడా కనిపిస్తూ వేలాడింది. పైన ఎర్ర అక్షరాలు, "వరద నుంచి రక్షణ మనందరి బాధ్యత". దాని ముందు నిలబడి నేను మైకులో మాట్లాడాను, పొంగే నీటిని దాటొద్దని చెప్పాను. మా గల్లీ నుంచి వచ్చినవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. "గది మన కల్వర్టే!" అని ఎదురింటి అక్క సంబరపడి పక్కవాళ్లకు చూపించింది. అందరం ఆ ఫ్లెక్సీ ముందు ఫోటో దిగాం. ఫోటోలు పంపితేనే కదా మిగిలిన గ్రాంటు విడుదలయ్యేది.

హాలు ఖాళీ చేసేటప్పుడు ఫ్లెక్సీ ఎవరికీ అక్కరలేకపోయింది. వంట చెరుకు మీద కప్పుకోవడానికి బాగుంటుందని అత్తమ్మ ఎప్పటి నుంచో ఒకటి అడుగుతోంది. చుట్టి స్కూటీ మీద పెట్టుకుని తెచ్చాను.

ఆ పూటే వాన పడింది. ఈ ఏడాది మొదటి వాన. ఎండాకాలమంతా ఎండిన మట్టి గుట్టల మీద నుంచి నీళ్లు ఎర్రగా దూకి, కాలువలో నల్లగా మారి, కల్వర్టు ఎక్కి పారాయి. పిల్లలు అప్పటికే ఇంట్లో ఉన్నారు. అది బడి వదిలే వేళ అయి ఉంటే అన్న ఆలోచన నన్ను వదల్లేదు. వాన వెలిశాక చూస్తే కల్వర్టు ఒక అంచు కుంగి, పలక కాలువలోకి వాలి ఉంది. నిలబడింది సగమే.

భాయ్ వచ్చి చూశాడు, నాలుక చప్పరించాడు. ఎదురింటి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ కంపెనీ అనలేదు. అప్పుడు అత్తమ్మ, మోకాళ్లు రానివ్వవన్న మనిషి, గోడలు పట్టుకుంటూ గల్లీ చివరి దాకా నడిచి వచ్చింది. చంకలో ఫ్లెక్సీ చుట్ట.

"ఏంది గట్ల జూస్తున్నరు? అటో తాడు, ఇటో తాడు తేండ్రి. పోరలు చీకట్ల ఉరుకుతరు."

"అత్తమ్మా, కట్టెల మీద కప్పుకుంటనంటివి గదా."

"కట్టెలు తడుస్తె ఎండుతయి తియ్యి."

భాయ్ దుకాణం నుంచి క్లచ్ వైర్లు తెచ్చాడు. కరెంటు స్తంభానికి ఒక కొస, వేప చెట్టుకు ఇంకో కొస వేసి, కల్వర్టుకు అడ్డంగా ఫ్లెక్సీని గట్టిగా లాగి కట్టాం. విరిగిన కల్వర్టు ముందు విరిగిన కల్వర్టు ఫోటో. గ్రాంటు డబ్బులో మా గల్లీకి దక్కింది ఆ గుడ్డ ఒక్కటే.

నిన్న పొద్దున పిల్లలు బ్యాగులు తగిలించుకుని బయల్దేరితే నేనూ గల్లీ చివరి దాకా పోయాను. చిన్నోడు ఫ్లెక్సీ మీద తన చెప్పును గుర్తుపట్టి దానికి వేలు ఆనించి నవ్వాడు. మా బిడ్డ మాత్రం ఎర్ర అక్షరాలు కూడబలుక్కుని చదివి, నా వైపు తిరిగింది.

"అమ్మా, ఇటు పోవద్దని కంపెనోళ్లు కట్టిన్రా?"

నేను కింద కూర్చుని ఆమె చెప్పు పట్టీ సరిచేశాను.

"ఎవ్వరు కట్టలే బిడ్డా, మనమే కట్టినం. పోవద్దని నేనే అంటున్న. నీళ్ల ట్యాంకు దిక్కు నుంచి తిరిగి పోండ్రి, దూరమైనా సరే. తమ్ముని చెయ్యి ఇడువకు."